తుపాను పంట నష్టం జాబితాలో సొంత పొలం కొంతే ఉంది, కౌలు పొలం అసలు లేదు. ఎంత వస్తుంది? ఇప్పుడేం చేయాలి?

మీరు అడిగింది ఇదీ. రేపల్లె దగ్గర ఊళ్లో నాన్నగారికి సొంతం 4 ఎకరాలు, కౌలు 3 ఎకరాలు. అక్టోబరు తుపానుకి వరి పడిపోయింది. రైతు సేవా కేంద్రం గోడకి అంటించిన జాబితాలో ఆయన పేరున రెండున్నర ఎకరాలే ఉన్నాయి. మిగతా ఎకరంన్నరకి "33 శాతం రాలేదు", అంటే నష్టం అంత లేదు అన్నారట. కౌలు పొలమేమో అమెరికాలో ఉన్న యజమాని పేరు మీద ఎక్కింది. మీరు హైదరాబాదులో ఉన్నారు. ఎంత వస్తుంది, ఎప్పుడు వస్తుంది, ఎవరిని కలవాలి, బీమా కూడా వస్తుందా అని మీ ప్రశ్న.

నేను డెల్టా మండలాల్లో మండల వ్యవసాయ అధికారిగా చేసి రిటైరయ్యాను. ఈ జాబితాలు తయారు చేయించడం, వాటి మీద రైతుల చేత తిట్లు తినడం రెండూ నా ఉద్యోగంలో భాగమే. అందుకని కాస్త వివరంగానే రాస్తున్నాను.

సూటిగా జవాబు: జాబితా ఇప్పుడున్నట్టే ఖరారైతే, నీటి వసతి ఉన్న పంటకి కేంద్ర నిబంధనల రేటు హెక్టారుకి 17,000 రూపాయలు కాబట్టి, రెండున్నర ఎకరాలకి సుమారు 17 వేలు వస్తుంది. రాష్ట్రం తన వంతు కలిపి రేటు పెంచితే అంతకన్నా ఎక్కువ. 2024 సెప్టెంబరు వరదలప్పుడు వరికి హెక్టారుకి 25,000, అంటే ఎకరాకి 10 వేల లెక్కన ప్రకటించారు. ఆ రేటు పడితే పాతిక వేలు దాటుతుంది. మిగిలిన ఎకరంన్నర కోసం వెంటనే రాతపూర్వకంగా అభ్యంతరం ఇవ్వండి, గెలిచే అవకాశం ఉంది. కౌలు పొలం విషయంలో ఈసారికి యజమానితో మాట్లాడుకోవడం తప్ప ఆఫీసులో పెద్దగా జరిగేది లేదు. పైగా మీరనుకుంటున్నంత డబ్బు అక్కడ మీ నాన్నగారికి లేదు. ఎందుకో కింద చెబుతాను.

ముందు ఒక సంగతి. ఊళ్లో అందరూ దీన్ని నష్టపరిహారం అంటారు, పేపర్లూ అలాగే రాస్తాయి. ఫైలు మీద దీని పేరు ఇన్‌పుట్ సబ్సిడీ. మళ్లీ విత్తనం, ఎరువు కొనుక్కుని తర్వాతి పంట వేసుకోవడానికి చేసే సాయం ఇది. ఎన్ని బస్తాలు పోయాయి, బస్తా ధర ఎంత అన్న లెక్క ఎవరూ కట్టరు. లెక్క కట్టేది మూడే: పంట ఈ-పంటలో (ఏ పొలంలో ఎవరు ఏ పంట వేశారో రాసే ప్రభుత్వ ఆన్‌లైన్ నమోదు) ఎక్కిందా, 33 శాతం పైన పోయిందా, విస్తీర్ణం ఎంత. నూటికి నలభై పోయినవాడికీ, మొత్తం నీళ్లలో కుళ్లినవాడికీ ఎకరాకి ఒకే రేటు. ఇది అన్యాయమని రైతులు నాతో వాదించేవారు. నిజమే, అన్యాయమే. కానీ వాన తగ్గిన పది రోజుల్లో వేల ఎకరాలు తిరిగి ఒక్కో చేనుకి వేరువేరు శాతం కట్టాలంటే ఇప్పుడున్న సిబ్బందితో అయ్యే పని కాదు. ఆ 33 శాతం హద్దు కూడా 2015కి ముందు 50 ఉండేది. ఆ రోజుల్లో జాబితాల మీద గొడవలు ఇంకా ఎక్కువ.

డబ్బు వచ్చేది రాష్ట్ర విపత్తు సహాయ నిధి నుంచి. అందులో మూడొంతులు కేంద్రానిది, ఒక వంతు రాష్ట్రానిది. 2022-23 నుంచి 2025-26 వరకు పెట్టిన రేట్లు వర్షాధారానికి హెక్టారుకి 8,500, నీటి వసతి ఉన్నదానికి 17,000, పండ్ల తోటల్లాంటి బహువార్షిక పంటలకి 22,500. ఏ నష్టానికి ఎంత ఇస్తున్నారో ఆ తుపానుకి వచ్చిన జీవోలో రాసి ఉంటుంది. మీ నాన్నగారికి వర్తించేది ఆ అంకె ఒక్కటే. టీవీలో మంత్రి అన్నది, ప్రతిపక్షం అడిగింది లెక్కలోకి రావు. తెలంగాణలో 2023 మార్చి వడగళ్లకి ఎకరాకి 10 వేలు ప్రకటించారు. అది ఆ ప్రభుత్వం సొంతంగా పెట్టుకున్న రేటు. "అక్కడిచ్చారుగా" అని మన దగ్గర అడిగితే ఎంపీడీవో ఆఫీసులో కూర్చున్నవాళ్లు చేయగలిగింది ఏమీ ఉండదు.

రెండు హెక్టార్ల పరిమితి. రైతు ఎంత సాగు చేసినా ఒక్కరికి 2 హెక్టార్లకే ఇస్తారు. అంటే 4 ఎకరాల 94 సెంట్లు. నాన్నగారి సొంతమే 4 ఎకరాలు. కాబట్టి కౌలు 3 ఎకరాలూ ఆయన పేరునే నమోదై ఉన్నా, అదనంగా లెక్కలోకి వచ్చేది 94 సెంట్లే. 17 వేల రేటుకి ఆరున్నర వేలు, 25 వేల రేటుకి తొమ్మిదిన్నర వేలు. మీరు 3 ఎకరాలకి మొత్తం పోయిందని బాధపడుతున్నారు గానీ పోయింది ఇంత. అదే ఎకరంన్నర సొంత పొలం సంగతి చూడండి. 17 వేల రేటుకే పది వేలు దాటుతుంది. మీ శక్తి ముందు దాని మీద పెట్టండి. అమ్మగారి పేరున పాసుబుక్కు ఉండి, ఆమె పేరుతో పంట నమోదై ఉంటే ఆమె వేరే రైతు, ఆమెకి వేరే లెక్క. నాన్నగారి జాబితాలో వెతికి లేదని వదిలేసిన ఇళ్లు నేను చూశాను, ఆమె పేరు తర్వాతి పేజీలో ఉంది.

ఇక ఆ ఎకరంన్నర ఎందుకు పోయిందో చూద్దాం. "33 శాతం రాలేదు" అన్న మాటని ఉన్నదున్నట్టు నమ్మకండి. ఆ మాట వెనక రెండు వేర్వేరు కారణాలు ఉండొచ్చు.

మొదటిది నమోదు తేడా. ఈ-పంటలో ఆ ముక్క వేరే సర్వే నంబరులోనో, వేరే పంటగానో, తాతగారి పేరుతోనో పడి ఉంటే ఎన్యూమరేషన్ యాప్‌లో, అంటే నష్టం రాసుకునే యాప్‌లో, అసలు కనపడదు. భూముల రీసర్వే అయిన ఊళ్లలో ఇది మరీ ఎక్కువ. పాత సర్వే నంబర్లు పోయి ఎల్పీఎం (ల్యాండ్ పార్సిల్ మ్యాప్) నంబర్లు వచ్చాయి, అన్నదమ్ములకి జాయింటుగా ఒకే నంబరు పడినవి ఉన్నాయి. కుర్రాడు వీఏఏ (గ్రామ వ్యవసాయ సహాయకుడు) వచ్చి యాప్ తెరిస్తే మీ ముక్క లేదు. గట్టు మీద నుంచోబెట్టి అదంతా చెప్పే ఓపిక లేక "శాతం రాలేదండీ" అనేసి వెళ్లిపోతాడు. అందుకని ముందు ఈ-పంట రసీదు తీసి చూడండి. నమోదప్పుడు వేలిముద్ర వేసినందుకు ఇచ్చిన కాగితం, లేదా ఫోనుకి వచ్చిన మెసేజీ. దాంట్లో 4 ఎకరాలూ వరిగా ఉన్నాయా? ఉంటే మీ చెయ్యి పైన ఉన్నట్టే.

రెండోది నిజంగానే శాతం తక్కువ వేయడం. ఇక్కడ కాస్త వ్యవసాయం మాట్లాడాలి. అక్టోబరు ఆఖరుకి మన వైపు వరి చాలావరకు పూత మీదో, పాలు పోసుకునే దశలోనో ఉంటుంది. ఆ దశలో చేను పడితే నష్టం ఆ వారంలో కంటికి కనపడదు. చేను పచ్చగానే ఉంటుంది. పూత మీద వాన కొడితే పుప్పొడి కారిపోతుంది, గింజ కట్టదు. పాలు పోసుకునేటప్పుడు దుబ్బు మొదట్లో విరిగితే కంకికి తిండి అందదు. ఆ తాలు బయటపడేది రెండు వారాలు పోయాక. ఎన్యూమరేషన్ బృందం వచ్చేదేమో నీళ్లు తీసీ తీయక ముందు. ఒకే గట్టుకి ఇటు పక్క బీపీటీ 5204 (సాంబ మసూరి) చాప చుట్టినట్టు పడిపోయి ఉంటుంది, దాన్ని రాసుకుంటారు. అటు పక్క గట్టి కాండం రకం కాస్త ఒరిగి నిలబడి ఉంటుంది, దాన్ని వదిలేస్తారు. తీరా కోతకొచ్చేసరికి ఒరిగిన చేలోనే తాలు ఎక్కువ తేలిన సందర్భాలు ఉన్నాయి, ఎందుకంటే అది సరిగ్గా పూత మీద దొరికిపోయింది.

కాబట్టి నాన్నగారితో ఈ పని చేయించండి. ఆ ఎకరంన్నరలో గట్టు పక్కన కాకుండా లోపలికి దిగి నాలుగైదు చోట్ల నుంచి గుప్పెడేసి కంకులు కోసుకురమ్మనండి. బాగున్నవి ఏరవద్దు, పోయినవీ ఏరవద్దు, చేతికొచ్చినవి. ఇంటి అరుగు మీద తెల్ల గుడ్డ పరిచి గింజలు రాల్చి, గట్టి గింజ ఒక కుప్ప, తాలు ఒక కుప్ప పోసి, పక్కన ఈ-పంట రసీదు పెట్టి ఫోటో తీయండి. పొలంలో లొకేషన్ పడేలా ఇంకో రెండు ఫోటోలు. మూడింట ఒక వంతు కన్నా తాలు ఎక్కువుందని ఆ ఫోటోలో కనపడితే, మళ్లీ పరిశీలించమని అడగడానికి మీ దగ్గర ఆధారం ఉన్నట్టు. నా టేబుల్ మీదకి వచ్చిన అర్జీల్లో "మాకు అన్యాయం జరిగింది, న్యాయం చేయగలరు" అని రాసినవాటికి నేను చేయగలిగింది తక్కువ. సర్వే నంబరు, విస్తీర్ణం, రకం, నాట్ల తేదీ, ఫోటో జతచేసిన ఒక్క పేజీ అర్జీ వస్తే మనిషిని పంపక తప్పేది కాదు.

అర్జీ మండల వ్యవసాయ అధికారి పేరున రాసి, రైతు సేవా కేంద్రంలో ఇచ్చి, నకలు మీద సంతకం, తేదీ వేయించుకోండి. జాబితా గోడ మీద ఉన్నన్ని రోజులే దీనికి విలువ. సోషల్ ఆడిట్ అంటే అదే, అభ్యంతరాలకి ఇచ్చిన గడువు. అది దాటి జాబితా మండలం నుంచి జిల్లాకి, అక్కడ కలెక్టరు సంతకంతో కమిషనరేటుకి వెళ్లిపోయిందా, ఇక కొత్త పేరు చేర్చడం ఎవరి చేతిలోనూ ఉండదు. అప్పుడు సోమవారం కలెక్టరేట్ గ్రీవెన్సుకి వెళ్లి అర్జీ ఇచ్చినా అది తిరిగి అదే మండల అధికారి దగ్గరికి వస్తుంది. గడువు లోపల అయితే మాత్రం గ్రీవెన్సులో కూడా ఒకటి వేయండి, నంబరు వస్తుంది, జవాబు రాయక తప్పదు.

ఈలోగా చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. "ఆఫీసర్లు చూసేదాకా చేను అలాగే ఉంచాలి" అని నీళ్లు కూడా తీయకుండా కూర్చుంటారు. ఎకరాకి వచ్చే ఏడు వేల కోసం నిలబడగలిగిన పది బస్తాలు పోగొట్టుకోవడం అది. పాయలు తీసి నీళ్లు వెంటనే బయటికి పంపాలి, పడిపోయిన దుబ్బుల్ని లేపి కట్టగలిగితే కట్టాలి. గింజ గట్టిపడిన చేనైతే మొలకెత్తకుండా లీటరు నీళ్లకి 50 గ్రాముల కల్లుప్పు కలిపి పిచికారీ చేయాలి. వీటి వల్ల జాబితాలో పేరు పోదు. కోత ఒక్కటే ఆపాలి, అది కూడా వీఏఏ వచ్చి ఫోటో తీసేవరకే. కోసేసిన చేనుకి శాతం వేయమంటే ఎవరూ వేయరు.

కౌలు సంగతి. డబ్బు పడేది ఈ-పంటలో సాగుదారుగా ఎవరి పేరుందో వాళ్లకి. మీ విషయంలో అమెరికాలో ఉన్నాయన పేరుంది, కాబట్టి ఆయన ఖాతాకే వెళ్తుంది. ఇది తుపాను తర్వాత జరిగిన తప్పు కాదు, నాట్లప్పుడే జరిగింది. 2019లో వచ్చిన పంట సాగుదారుల హక్కుల చట్టం ప్రకారం కౌలు రైతుకి సీసీఆర్సీ కార్డు, అంటే పంట సాగుదారు హక్కు పత్రం, ఇస్తారు, 11 నెలలకి. కార్డుకి యజమాని సంతకం కావాలి. అక్కడే చిక్కు. సంతకం పెడితే పొలం చేజారిపోతుందని పెద్దవాళ్ల భయం, పాత కౌలు చట్టాల నాటిది. ఈ చట్టంలో కార్డు పంట మీద హక్కే ఇస్తుంది, భూమి మీద ఏ హక్కూ ఇవ్వదని స్పష్టంగా ఉంది. అయినా పెట్టరు. నేను చేసిన మండలాల్లో పొలంలో కనపడే మనుషుల్లో ఎక్కువమంది కౌలుదార్లే, జాబితాలో కనపడే పేర్లలో ఎక్కువ యజమానులవి. ఈ ఒక్క విషయంలో మొత్తం పథకం తలకిందులుగా నడుస్తోందని నా అభిప్రాయం. రేట్లు పెంచడం కన్నా ముందు బాగుచేయాల్సింది ఇది.

"మేమే సాగు చేశామని వీఆర్వో రాసిస్తే చాలదా" అని మీరు అడిగారు. జాబితా తయారయ్యేది ఈ-పంట డేటా నుంచి. వీఆర్వో కాగితం ఆ పేరుని మార్చలేదు.

బీమా వేరు, ఇది వేరు. రెండూ ఒకే తుపానుకి రావచ్చు, ఒకటి తీసుకుంటే రెండోది పోదు. కానీ ఆంధ్రలో ఉచిత బీమా రోజులు అయిపోయాయి, 2024-25 రబీ నుంచి రైతు వాటా ప్రీమియం కట్టినవాళ్లకే కేంద్రం పంటల బీమా పథకమైన ఫసల్ బీమా. ఖరీఫ్ వరికి బీమా మొత్తంలో 2 శాతం. నాన్నగారు బ్యాంకులో పంట రుణం తీసుకుని ఉంటే ఆ ఖాతా నుంచి ప్రీమియం కోశారేమో పాసుబుక్కులో చూడండి. చాలామందికి కట్టినట్టే తెలియదు.

వరికి బీమా మీ చేను చూసి ఇవ్వరు. యూనిట్‌గా తీసుకున్న ప్రాంతంలో పంట కోత ప్రయోగాలు చేసి, సగటు దిగుబడి హామీ దిగుబడి కన్నా తగ్గితే అందరికీ ఒకే శాతం ఇస్తారు. ఇన్‌పుట్ సబ్సిడీ మీ గట్ల మధ్య చూస్తుంది, బీమా ఊరు మొత్తం చూస్తుంది. దీనికి ఒక మినహాయింపు: కోసి పనల మీద ఆరబెట్టిన వరి 14 రోజుల లోపల తుపాను వానకి తడిస్తే ఎవరి నష్టం వారికే లెక్క. దానికి 72 గంటల లోపల 14447కి ఫోన్ చేసి నమోదు చేయించాలి. అక్టోబరులో మీది నిలువు పంట కాబట్టి ఇది మీకు వర్తించదు, డిసెంబరు తుపాన్లకి పనికొస్తుంది. మునిగిన వరికి వ్యక్తిగతంగా ఇచ్చే ఏర్పాటుని 2018లో తీసేశారు, మన కోస్తాకి అది పెద్ద దెబ్బ. 2026 ఖరీఫ్ నుంచి దాన్ని మళ్లీ చేరుస్తున్నట్టు కేంద్రం ప్రకటించింది. వచ్చే ఏడు ప్రీమియం కట్టాలా వద్దా అన్న ప్రశ్న వస్తే, సముద్రానికి దగ్గరగా ఉన్న మీకు నా సలహా కట్టమనే.

పంట రుణం ఉంటే ఇంకో మాట. మండలం నష్టపోయినట్టు ప్రకటన వచ్చాక బ్యాంకులో రుణం రీషెడ్యూల్ అడగొచ్చు. అడగకపోతే వాళ్లంతట వాళ్లు చేయడం అరుదు. వాయిదా మీరి వడ్డీ రాయితీ పోగొట్టుకుంటే ఆ నష్టం ఈ సబ్సిడీలో మంచి భాగాన్ని తినేస్తుంది.

ఎప్పుడు వస్తుంది? తేదీ చెప్పేవాళ్లని నమ్మకండి. 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర మిచాంగ్ తుపాను తీరం దాటింది. విడుదల ప్రకటన 2024 మార్చిలో వచ్చింది, ఆ తర్వాత ఎన్నికల కోడ్ అడ్డం పడి మే దాకా నలిగింది. తర్వాతి పంట పెట్టుబడికి ఇచ్చే డబ్బు తర్వాతి పంట కోతలయ్యాక చేరింది. రబీ మినుముకో మొక్కజొన్నకో ఈ డబ్బుని నమ్ముకుని అప్పు చేయొద్దని నాన్నగారికి చెప్పండి.

వచ్చినప్పుడు ఏ ఖాతాలో పడుతుందో ఇప్పుడే చూసి పెట్టుకోండి. అర్జీలో మీరు రాసిన ఖాతాలో పడదు, ఆధార్‌కి చివరగా లింకైన ఖాతాలో పడుతుంది. సిమ్ కార్డు కొన్నప్పుడు దుకాణంలో వేలిముద్ర వేయిస్తే తెరుచుకున్న పేమెంట్స్ బ్యాంకు ఖాతాలోకి డబ్బు వెళ్లి, "మాకు రాలేదు" అని ఏడాది తిరిగిన రైతు నాకు తెలుసు. డబ్బు అక్కడే భద్రంగా ఉంది. బ్యాంకుకి వెళ్లి ఎన్‌పీసీఐ మ్యాపింగ్, అంటే ప్రభుత్వ డబ్బు పడేందుకు ఆధార్‌తో కలిపిన లింకు, ఏ ఖాతాకి ఉందో అడిగితే చాలు, చెబుతారు. ఈకేవైసీ కూడా పూర్తయిందో లేదో అదే వారంలో చూసుకోండి.

చివరగా మీరడిగిన ఇంకో ప్రశ్న: యజమాని ఖాతాలో పడిన డబ్బు ఆయన నాన్నగారికి ఇవ్వాలా? ఇచ్చి తీరాలని ఆయన్ని కట్టేసే కాగితం మీ దగ్గర లేదు. అయినా అడగండి, నాన్నగారి చేత కాకుండా మీరే ఫోన్ చేసి అడగండి. దూరంలో ఉన్న చాలామందికి తమ ఖాతాలో ఈ డబ్బు పడిందని కూడా తెలియదు. తెలిసి, పడిపోయిన చేను ఫోటో చూశాక కాదనేవాళ్లు తక్కువ. మన ఊళ్లలో ఎక్కువగా నడిచే పద్ధతి, డబ్బు చేతికి ఇవ్వడం కన్నా కౌలు బస్తాల్లో తగ్గించుకోవడం. 3 ఎకరాలకి 17 వేల రేటున ఇరవై వేల పైచిలుకు, 25 వేల రేటున ముప్పై వేలు ఆయనకి వెళ్తుంది. ఆ అంకె ముందుపెట్టుకుని అన్ని బస్తాలు తగ్గించమని అడగండి. అదే ఫోన్లో రబీకి సీసీఆర్సీ ఫారం మీద సంతకం మాట కూడా ఎత్తండి. 11 నెలలకే అని, భూమికి సంబంధం లేదని చెప్పి, ఊళ్లో ఆయన తరఫున పొలం చూసుకునే బంధువు ఎవరైనా ఉంటే వాళ్లని కూడా లైన్లోకి తీసుకోండి. రబీ ఈ-పంట నమోదు మొదలయ్యాక అడిగితే మళ్లీ ఆలస్యమే.